ఏడక్షరాలు

లాం ఫారం, మూడో నంబరు మడి.
మిరప పూల గుండెల్లో నల్ల తామరపురుగు.
నువ్వుగింజలో సగం కూడా ఉండదు,
పోయినేడు ఎకరాలకెకరాలు తినేసి
మూతి కూడా తుడుచుకోలేదు.

మేం దాని మీద విషం కొట్టలేదు.
ఒక మాట కొట్టాం.
పురుగు తన కణంలో తనే చదువుకునే చీటీ ఉంటుంది,
దానికి అక్షరానికక్షరం అతుక్కుని
చదవకముందే చింపేసే మాట.
ఘాటు లేదు, కాలవలో చేప వెల్లకిలా తేలదు,
పిచికారీ చేసినోడు ఇంటికెళ్లి వాంతి చేసుకోడు.
ఒక్క పురుగులో
ఒక్క జన్యువుకి
మాట పడిపోతుంది, అంతే
అని ప్రాజెక్టు కాగితాల్లో రాసింది నేనే.
"అంతే" కింద గీత గీసిందీ నేనే.

పదకొండో రోజు పొద్దున
కలుపుకి వచ్చే మస్తాన్‌బీ
నా బల్ల మీద అగ్గిపెట్టె పెట్టింది.
"అక్షింతల పురుగులు గుడ్లు పెట్టినయ్ మేడం.
పిల్లలు దిగలా."

తెరిస్తే
ఆకుముక్క మీద నిలబెట్టినట్టు పద్దెనిమిది పసుపు గింజలు.
ఎవరి తల మీదా పడని అక్షింతలు.

"చలికేమోలే" అన్నాను.
"నీళ్లు కొట్టిన మడిలో దిగినయ్‌గా.
ఆడ చలి లేదా?"

ఆ రాత్రి తెర మీద
రెండు వరసలూ పక్కపక్కన పరిచాను,
తామరపురుగుది ఒకటి, దాన్ని తిని బతికే అక్షింతల పురుగుది ఒకటి.
చుట్టరికం లేదు, పనిలో పోలిక లేదు.
మొదట్లో మాత్రం ఏడక్షరాలు
వరసగా, తప్పు లేకుండా, ఒకటే.

మా నాన్న మిరపయార్డులో కాటా గుమాస్తా.
సీజన్లో సెలవులకి నన్నూ తీసుకెళ్లేవాడు,
ముక్కుకి తడి తువ్వాలు కట్టి.
ఆ తుమ్ముల మధ్య, లారీల మధ్య
"కోటేశ్వర్రావ్!" అని కేకేసేవాడు.
టిక్కీల మీంచి కోటయ్య తిరిగేవాడు,
బీడీ ఆర్పి కోటిరెడ్డి తిరిగేవాడు,
తొడిమలు తీస్తూ కోటమ్మ తలెత్తేది.
పేరు పూర్తయ్యేదాకా ఎవరాగుతారు?
"కోట" అనగానే సగం యార్డు మెడ తిప్పేది.
"మీరు కాదులెండి" అనేవాడు నాన్న నవ్వుతూ,
ఎవరి పనిలోకి వాళ్లు మళ్లీ వంగేవాళ్లు.

మేం కొట్టిన మాటకి
"మీరు కాదులెండి" అనడం రాదు.

ఫోన్లో పెద్దసారు అన్నాడు:
పద్దెనిమిది గుడ్లు లెక్కలోకి రావమ్మా.
నిజమే, రావు.
ఇరవై ఏళ్లు ఆ మాటే నేనూ పిల్లలకి చెప్పాను.
కానీ ఈ మడిలో పాకేవాటిలో, ఎగిరేవాటిలో
ఎన్నింటి అక్షరాలు మన దగ్గరున్నాయి సార్?
వెతికితే ముప్పై దొరికాయి.
మస్తాన్‌బీ గట్టు మీద కూర్చుని
టీ చల్లారేలోపు నలభై మూడు చెప్పింది,
రెండింటికి పేర్లు తెలీక
నడక చేసి చూపించింది.

మర్నాడు మంచులోనే మొదలుపెట్టాం.
వరసకొక మనిషి, ఆకు తిరగేసి చూడటం,
దిగినవి, దిగనివి.
కొంగు ముడిలో ఆమె లెక్క, పుస్తకంలో నా లెక్క.
ఆరో వరసలో నాకు రెండు తక్కువొచ్చాయి.
వెనక్కెళ్లి చూస్తే
ఆమెదే సరి.

మొదటి పేజీలో
నమూనా సేకరించినవారు అన్న గడిలో
మస్తాన్‌బీ అని రాశాను.
"ఏం రాశావ్ మేడం?"
"నీ పేరు."

మట్టిచేతులు చీరకి తుడుచుకుని
కాగితం వైపు అనుమానంగా చూసింది.
"ఇంటిపేరు, మా ఆయన పేరు, అంతా రాయి.
మా వీధిలోనే నలుగురం మస్తాన్‌బీలం."